సీసం పైసల రాజ్యం: సాతవాహనులు ఎట్ల ఎదిగిండ్రు, ఎట్ల పడిపోయిండ్రు

(ఉద్యోగులు, విద్యార్థుల కోసం పెట్టిన చరిత్ర తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



సాతవాహనుల గురించి చెప్పుమంటే మనకు ముందుగాల యాదికొచ్చేది రాజుల వరుస. సిముకుడు, కన్హుడు, మొదటి శాతకర్ణి, హాలుడు, గౌతమీపుత్ర శాతకర్ణి, పులుమావి, యజ్ఞశ్రీ. గ్రూప్స్ పరీక్షలకు చదివేటోళ్లు ఈ పేర్లను నిద్రల లేపినా చెప్తరు. మత్స్య పురాణం ముప్పై మంది రాజులు అంటది, వాయు పురాణం అంతకంటే చాలా తక్కువ మందిని చెప్తది. ఒక లెక్క ప్రకారం నాలుగున్నర శతాబ్దాలు ఏలిండ్రు, ఇంకో లెక్క ప్రకారం మూడు శతాబ్దాలు. ఆ కొట్లాట పండితులకు వదిలిపెడుదాం. క్రీస్తుకు ముందు ఒకటి రెండు శతాబ్దాల కింద మొదలై, క్రీస్తు శకం మూడో శతాబ్దం మొదటి భాగంలో కనుమరుగైండ్రు అని చాలామంది ఒప్పుకుంటరు.

ఈ రోజు మేము అడుగుదామనుకున్న ప్రశ్న వేరు. ఇంత పెద్ద రాజ్యం తిండి ఎక్కడిది? జీతాలు, యజ్ఞాలు, గుహలు, స్తూపాలు, గుర్రాలు, ఏనుగులు, వీటికి పైసలు ఎవరిచ్చిండ్రు? పైసలు ఇచ్చినోళ్ల పేర్లు మన పుస్తకాలల్ల ఎందుకు లేవు?

కోటిలింగాల నుంచి మొదలు పెడుదాం. ఇప్పుడది జగిత్యాల జిల్లా. 2016కు ముందు కరీంనగర్ జిల్లా. గోదావరిల పెద్దవాగు కలిసే చోట ఒక మట్టికోట దిబ్బ ఉన్నది. వాన వెలిసినంక దిబ్బ మీద చిన్న చిన్న సీసం బిళ్లలు, రాగి బిళ్లలు తేలేటియి. ఊరోళ్లు, జిల్లాల ఉన్న చరిత్ర పిచ్చోళ్లు కొంతమంది అవి ఏరి దాచిపెట్టిండ్రు. వాళ్లు తెచ్చి చూపిస్తెనే 1970లల్ల పండితుల కండ్లు అటు తిరిగినయి. పి.వి. పరబ్రహ్మశాస్త్రి గారు ఆ నాణేల మీది బ్రాహ్మీ అక్షరాలు చదివి ప్రకటించిండ్రు. పురావస్తు శాఖ తరఫున వి.వి. కృష్ణశాస్త్రి గారి ఆధ్వర్యంలో తవ్వకాలు జరిగినయి. గోబద, నారన, కంవాయసిరి, సమగోప అనే పేర్లు బయటపడ్డయి. వీళ్లు సాతవాహనుల కంటే ముందటి పాలకులు. ఏ పురాణంల లేని పేర్లు. ఆ తర్వాత ‘ఛిముక సాతవాహన’ పేరు ఉన్న నాణేలు.

దీంతోని మనోళ్లు కొందరు ‘సాతవాహనుల మొదటి రాజధాని మాదే’ అని చప్పట్లు కొట్టిండ్రు. ఇంకో దిక్కు పండితులు ‘కాదు, పైఠాన్’ అన్నరు. బళ్లారి దిక్కు ‘సాతవాహనిహార’ అనే పేరు శాసనంల ఉన్నది కాబట్టి అక్కడే అని మరికొందరు. మాకు ఈ గుంజులాట మీద పెద్దగా ఆసక్తి లేదు. నాణెం దొరికిన చోటల్ల రాజధాని గాదు. అయితే ఒక మాట మాత్రం గట్టిగ చెప్పాలె. ఈ వంశం పుట్టుక గురించి మాట్లాడేటప్పుడు గోదావరి ఎగువ లోయను, అంటే మన కరీంనగర్ దిక్కును, పక్కకు నూకి ఎవరూ మాట్లాడలేరు. మొదటి తరం నాణేలు ఉన్నది ఇక్కడ. దాన్ని ఒక అడుగు వివరణగా, ఒక ‘అదనపు సమాచారం’గా పాఠ్యపుస్తకాలల్ల చాలా ఏండ్లు పెట్టిండ్రు. కృష్ణా నది ఒడ్డున ఉన్న అమరావతిని మొదట చెప్పి, గోదావరి ఎగువను చివరల కలిపేటోళ్లు. తోవ మాత్రం అటు నుంచి ఇటు గాదు, ఇటు నుంచి అటు పోయింది.

ఇంకొక మాట కూడ ఇక్కడనే అనుకుందాం. పురాణాలు వీళ్లను ‘ఆంధ్రులు’, ‘ఆంధ్రభృత్యులు’ అన్నయి. వాళ్ల సొంత శాసనాలల్ల, సొంత నాణేల మీద ఆ మాట ఎక్కడా లేదు. ‘సాతవాహన’ అనే రాసుకున్నరు. రాసిన భాష ప్రాకృతం, లిపి బ్రాహ్మీ. రెండు వేల ఏండ్ల కిందటి రాజులకు మన కాలపు రాష్ట్రాల సరిహద్దులు తెల్వవు. వాళ్లను ఏ ఒక్కరి ఖాతాల రాసుకున్నా అది తప్పుడు లెక్కనే.

సరే, పైసల దగ్గరికి వస్తున్నం.

దక్కన్ పటం కండ్ల ముందు పెట్టుకోండ్రి. పడమర సముద్రం, తూర్పు సముద్రం, నడుమ పీఠభూమి. పడమటి ఒడ్డున భరుకచ్ఛం, సోపార, కల్యాణ్, చౌల్ రేవులు. సముద్రం ఒడ్డుకు, పీఠభూమికి నడుమ సహ్యాద్రి గోడ. ఆ గోడల కొన్ని సందులు ఉన్నయి, కనుమలు. సరుకు పోవాల్నంటే ఆ సందులల్ల నుంచే పోవాలె. కాబట్టి సందు ఎవరి చేతుల ఉంటే సుంకం వాళ్లది. సాతవాహనుల రాజ్యాన్ని రెండు మాటలల్ల చెప్పుమంటే మేము ఇదే చెప్తం: సందులను పట్టుకున్న రాజ్యం.

జున్నర్ దగ్గర నానేఘాట్ అని ఒక కనుమ ఉన్నది. కొంకణానికి దిగే తోవ. ఆ తోవ మీదనే ఒక గుహ తొలిపిచ్చి, అందుల మొదటి శాతకర్ణి భార్య నాగనిక పెద్ద శాసనం రాయించింది. చేసిన యజ్ఞాలు, ఇచ్చిన ఆవులు, గుర్రాలు, ఏనుగులు, వేల కొద్ది కార్షాపణాలు, అన్నీ అంకెలేసి మరీ చెప్పింది. మన దేశంల అంకెలు కనబడే చాలా పాత శాసనాలల్ల అది ఒకటి. రాణి ఒక మహారఠి బిడ్డ, అంటే స్థానిక దొర బిడ్డ. గుహల రాజకుటుంబం బొమ్మలు కూడ చెక్కిండ్రు. ఇప్పుడు బొమ్మలు పోయినయి, కింద రాసిన పేర్లు మిగిలినయి. కనుమ నెత్తిన ఒక పెద్ద రాతి తొట్టి ఉన్నది. బాటసారులు సుంకం వేసిన తొట్టి అదే అని అక్కడి జనం చెప్పుకుంటరు. తొట్టి సంగతి నిజమైనా గాకున్నా, యజ్ఞం లెక్కల శాసనాన్ని గుడిల గాదు, బండ్లు, గాడిదలు పోయే తోవ మీద ఎందుకు పెట్టిండ్రో మనం ఆలోచించాలె.

ఇగ సరుకు. క్రీస్తు శకం మొదటి శతాబ్దం నడుమ ఈజిప్టు దిక్కు నుంచి వచ్చిన ఒక గ్రీకు వర్తకుడు ఎర్ర సముద్రం నుంచి మన దేశం దాకా రేవులన్నీ వరుసగా రాసి పెట్టిండు. పేరు చెప్పుకోలేదు. ‘పెరిప్లస్’ అని ఆ పుస్తకానికి పేరు. అందుల భరుకచ్ఛం నుంచి దక్షిణానికి ఇరవై రోజుల ప్రయాణంల పైఠాన్, అక్కడి నుంచి తూర్పుకు పది రోజులు పోతే తగర అని ఉన్నది. తగర అంటే ఇయ్యాలటి తేర్. పైఠాన్ నుంచి రంగురాళ్లు బండ్లకెత్తి పంపేటోళ్లు. తగర నుంచి ముతక బట్ట, రకరకాల సన్న బట్ట. తోవ సక్కగ లేని జాగలల్ల నుంచి బండ్ల మీద రేవుకు తోలేటోళ్లు అని కూడ రాసిండు. ఈ పైఠాన్, ఈ తేర్ రెండూ 1956 దాకా మన హైదరాబాదు రాష్ట్రంలనే ఉండె. మన తాతలకు ఔరంగాబాద్, ఉస్మానాబాద్ పరాయి ఊర్లు గావు.

అట్లనే రేవుల దిగే సరుకు ఏందో కూడ రాసిండు. ద్రాక్ష సారాయి, అందులనూ ఇటలీది అయితే మేలు. రాగి, తగరం, సీసం, పగడాలు, గాజు, బంగారు వెండి నాణేలు. సీసం అన్న మాట దగ్గర కొంచెం ఆగుదాం. సాతవాహనుల సొంత నాణేలు ఎక్కువగా సీసంవి, పోటిన్‌వి. పోటిన్ అంటే రాగి, తగరం, సీసం కలిపిన లోహం. వెండి నాణెం తక్కువ, అది కూడ తర్వాతి కాలంల వచ్చింది. బంగారు నాణెం కొట్టనే లేదు. కొందరు దీన్ని చూసి ‘పేద రాజ్యం’ అంటరు. మేము అట్ల అనుకోం. బంగారు నాణెంతోని ఉప్పు కొనలేరు, కుండ కొనలేరు. చిల్లర ఎక్కువ అచ్చయిన దేశంల చిన్న మనిషి కూడ అంగడికి పోతుండు అన్నట్టు. పల్లెల్ల, వాగుల పొంట సీసం బిళ్లలు వేలకు వేలు దొరుకుతున్నయంటే అర్థం, పైసలు కోమట్ల పెట్టెలల్లనే లేవు, రైతు నడుముల, కమ్మరి కొలిమి కాడ కూడ ఉన్నయి.

కొలిమి అన్నది ఊరికే అన్న మాట గాదు. పెద్దపల్లి దగ్గర పెద్దబంకూర్ తవ్వకాలల్ల ఇటుక గోడలు, వరుసగా బావులు, కమ్మరి కొలిమి ఆనవాళ్లు, వేల కొద్ది సాతవాహన నాణేలు, వాటి నడుమ రోమన్ నాణేలు బయటపడ్డయి. దానికి కొద్ది దూరంలనే ధూళికట్ట. అక్కడ మట్టికోట, కోటకు అవతల బౌద్ధ స్తూపం. స్తూపం చుట్టూ పెట్టిన సున్నపురాయి పలకల మీద ముచిలిందుడు, ఐదు తలల నాగు, చెక్కి ఉన్నది. మెగస్తనీసు మాటగా ప్లీని రాసిన దాంట్ల ఆంధ్రులకు కోటగోడలున్న ముప్పై పట్టణాలు, లక్ష కాల్బలం, రెండు వేల గుర్రాలు, వెయ్యి ఏనుగులు ఉండెనని ఉన్నది. ఆ ముప్పై కోటలల్ల ధూళికట్ట ఒకటి అయి ఉంటదని మన చరిత్రకారులు అంటరు.

సంగారెడ్డి దగ్గర కొండాపురం సంగతి ఇంకా ముచ్చటగా ఉంటది. నిజాం కాలంల గులాం యజ్దానీ పురావస్తు శాఖ నడిపిన రోజులల్ల, 1940లు మొదలైనప్పుడు, అక్కడ తవ్విండ్రు. వేల నాణేలు, నాణేలు పోసే అచ్చులు, మట్టిబొమ్మలు, తెల్లమట్టి బొమ్మలు, పూసలు, రోమన్ నాణెం. అది రాజధాని గాదు, గొప్ప దేవాలయం గాదు. పని చేసే మనుషుల ఊరు. టంకశాల, పూసల పని, బొమ్మల పని. హైదరాబాదు నుంచి పొద్దుగాల పోయి మాపటికి వచ్చేంత దూరంల ఒక మ్యూజియం కూడ ఉన్నది. మన పిల్లలను గోల్కొండకు, చార్మినార్‌కు తోలుకపోతం. కొండాపురం పోయి వచ్చినోళ్లు ఈ సభల ఎంతమంది ఉన్నరో చేతులు ఎత్తుమంటే మాకే సిగ్గైతది, అందుకే అడుగుతలేం.

ప్లీని ఏడ్చిన ఏడుపు తెలిసిందే. భారతదేశం ఏటా ఐదు కోట్ల సెస్టర్సుల సొమ్ము మన దగ్గర నుంచి గుంజుకుంటున్నదని రోమన్లకు చెప్పుకున్నడు. ఆ సొమ్ముల కొంత మన దాకా వచ్చింది. నల్లగొండ దిక్కు అక్కనపల్లిల ఒక్క జాగనే వెయ్యికి పైగా రోమన్ వెండి నాణేలు దొరికినయి. ఇక్కడి నుంచి పోయిన దానికి కూడ సాక్ష్యం ఉన్నది. క్రీ.శ. 79ల అగ్నిపర్వతం బూడిద కింద పూడిపోయిన పాంపే పట్టణంల 1938ల ఒక దంతపు బొమ్మ దొరికింది. ఆడమనిషి బొమ్మ, ఒంటి నిండ సొమ్ములు. తేర్‌ల, భోకర్దన్‌ల దొరికిన దంతపు బొమ్మల పోలికలు దానికి ఉన్నయి.

ఇంతవరకు సరుకు, తోవ. నడిపిన మనిషి ఎవరు? ఇక్కడ మన పుస్తకాలు మూగబోతయి, రాళ్లు మాత్రం మాట్లాడుతయి. సాంచి దక్షిణ తోరణం మీద ‘రాజు సిరి శాతకర్ణి పనివాళ్ల మేస్త్రీ, వాసిఠి కొడుకు ఆనందుడు’ ఇచ్చిన దానం అని ఉన్నది. అదే తోరణం మీద విదిశ దంతపు పనివాళ్లు చెక్కిన చెక్కడం అని ఇంకో రాత ఉన్నది. జున్నర్ గుహలల్ల మేదరోళ్ల శ్రేణి, కంచరోళ్ల శ్రేణి, ధాన్యం బేరగాళ్ల శ్రేణి. కార్లేల ధేనుకాకటం నుంచి వచ్చిన యవనులు స్తంభాలు ఇచ్చిండ్రు. శ్రేణి అంటే కులవృత్తి సంఘం అని ఒక్క మాటల కొట్టేస్తం గానీ, అది అప్పటి బ్యాంకు కూడ.

ఎట్లంటే, నాసిక్ గుహల ఉషవదాతుడు రాయించిన శాసనం చూడండ్రి. ఈయన సాతవాహనుడు గాదు, వాళ్ల శత్రువు నహపానుడి అల్లుడు. అయినా ఊరు అదే, జనం అదే. గోవర్ధనంల ఉన్న నేతగాళ్ల శ్రేణి ఒకదాంట్ల రెండు వేల కార్షాపణాలు, ఇంకొక నేతగాళ్ల శ్రేణిల వెయ్యి కార్షాపణాలు డిపాజిట్ పెట్టిండు. మొదటి దానికి నెలకు నూటికి ఒకటి వడ్డీ, రెండో దానికి ముప్పావు. అసలు ఎన్నడు వెనుకకు అడుగొద్దు, వడ్డీ మాత్రం వాడాలె. రెండు వేలకు ఏడాదికి వడ్డీ ఎంతయితది? రెండు వందల నలభై. గుహల వానకాలం ఉండే ఇరవై మంది భిక్షువులకు తలా పన్నెండు కార్షాపణాల బట్టల ఖర్చు అని రాసిండు. ఇరవై పన్నెండ్లు రెండు వందల నలభై. లెక్క పైసా తేడా లేదు. ఇది నగర సభల చదివి వినిపించి, పలక మీద రాయించిండ్రు. రాజు అల్లుడు తన సొమ్మును రాజు ఖజానాల పెట్టలేదు, మగ్గం నేసేటోళ్ల దగ్గర పెట్టిండు. రాజుల మీద కంటే సాలెల మీద నమ్మకం ఎక్కువ అన్నట్టే గదా. సిరిసిల్ల నుంచి వచ్చిన మిత్రులు ఈ ముచ్చట ఇంటికి తీసుకపోండ్రి.

ఇప్పుడు పతనం. అది కూడ తోవల మీదనే మొదలైంది.

పెరిప్లస్‌లనే ఒక చిన్న మాట ఉన్నది. కల్యాణ్ రేవు ఒకప్పుడు మంచిగ నడిచింది, ఇప్పుడు దాన్ని అడ్డగించిండ్రు, గ్రీకు ఓడలు పొరపాటున అక్కడికి వస్తే కాపలా పెట్టి భరుకచ్ఛానికి తోలుతున్నరు అని. ఇది వర్తకం మీద దిగ్బంధనం. సాతవాహనుల రేవును ఎండబెట్టి శకుల రేవును నింపుడు. శక క్షహరాతులు నాసిక్, జున్నర్, కార్లే దాకా వచ్చి కూసున్నరు. కనుమలు పోయినయి. కనుమలు పోతే సుంకం పోయినట్టే.

గౌతమీపుత్ర శాతకర్ణి మల్ల తిరగబడ్డడు. తల్లి గౌతమీ బాలశ్రీ, మనుమడు పులుమావి పందొమ్మిదో ఏట, నాసిక్‌ల కొడుకు గురించి రాయించిన శాసనం మనకు తెలుసు. శక యవన పహ్లవులను అణిచినోడు, క్షహరాతుల వంశాన్ని పెకిలించినోడు, మూడు సముద్రాల నీళ్లు తాగిన గుర్రాలున్నోడు అని. తల్లి కొడుకును పొగిడితే కొంత ఎక్కువనే ఉంటది. మాకు ఆ శాసనం కంటే గట్టి సాక్ష్యం ఇంకోటి కనబడుతది. 1906ల నాసిక్ దగ్గర జోగల్‌తెంబిల ఒక కుండ దొరికింది. పదమూడు వేలకు పైగా వెండి నాణేలు, నహపానుడివి. అందుల తొమ్మిది వేలకు పైగా నాణేల మీద గౌతమీపుత్రుడు తన ముద్ర మల్లొకసారి కొట్టించిండు. కొత్త నాణెం పోసుడు గాదు, ఓడిపోయినోడి ముఖం మీదనే గెలిచినోడి గుర్తు గుద్దుడు. అంగడిల ప్రతి మనిషికి తెలవాలె ఇప్పుడు సుంకం ఎవరికి కట్టాల్నో.

అయితే ఆ గెలుపు ఎంత ఖర్చుతోని వచ్చిందో కూడ అదే నాసిక్ చెప్తది. రాజు అక్కడి భిక్షువులకు ఒక ఊరిల పొలం దానం చేసిండు. కొన్నేండ్లు గాంగనే, ఇరవై నాలుగో ఏట, ఇంకో శాసనం. ఆ పొలం దున్నుతలేరు, ఆ ఊరిల మనుషులు లేరు, కాబట్టి పట్టణం పొలిమేరల ఉన్న మా సొంత పొలంల నుంచి వంద నివర్తనాలు ఇస్తున్నం అని. ఊరు ఎందుకు పాడుబడ్డదో శాసనం చెప్పదు. రెండు రాజ్యాలు కనుమ కోసం తరాల కొద్ది కొట్లాడిన జాగల ఊరు ఎందుకు పాడుబడుతదో మనకు ఎవరూ చెప్పనక్కర లేదు. పాలమూరు మనుషులకు అసలే చెప్పనక్కర లేదు.

ఆ దానపు శాసనాలల్లనే ఇంకో ముచ్చట. దానం ఇచ్చిన పొలంల సైనికులు అడుగు పెట్టొద్దు, ఉప్పు తవ్వొద్దు, జిల్లా అధికారి జోక్యం చేసుకోవద్దు. పన్నులన్నీ మాఫీ. పుణ్యం వస్తదేమో గానీ, మాఫీ అయిన పొలం నుంచి ఖజానాకు వచ్చేది ఏమీ లేదు. బౌద్ధులకు ఇచ్చిండ్రు, బ్రాహ్మణులకు ఇచ్చిండ్రు. ఒకటి రెండు పొలాలతోని రాజ్యం కూలదు. ఆ అలవాటు మాత్రం కూలుస్తది. దక్కన్‌ల తర్వాతి వెయ్యేండ్ల అగ్రహారాల కథకు మొదలు ఇక్కడనే ఉన్నది.

పడమర మల్ల పోయింది. క్రీ.శ. 150ల గిర్నార్ బండ మీద శక క్షత్రపుడు రుద్రదాముడు రాయించిండు: దక్షిణాపథపతి శాతకర్ణిని రెండుసార్లు ఓడగొట్టిన, దగ్గరి చుట్టం అని వదిలిపెట్టిన. చుట్టరికం నిజమే. కన్హేరిల ఒక శాసనం ప్రకారం సాతవాహన రాజుకు శక మహాక్షత్రపుడి బిడ్డనిచ్చిండ్రు. పెండ్లితోని కూడ యుద్ధం ఆగలేదు. యజ్ఞశ్రీ కొంత భూమి మల్ల గుంజుకున్నడు. ఆయన కాలంలనే తూర్పు సముద్రం పొంట ఓడ బొమ్మ నాణేలు, రెండు కొయ్యల ఓడ, బాగ నడిచినయి. అంటే పడమటి తలుపు సగం మూసుకపోయినంక రాజ్యం తూర్పు తలుపు దిక్కు జరిగింది. అమరావతి, ధరణికోట వెలుగు వెనుక ఈ కారణం కూడ ఉన్నది.

రోమన్ వర్తకం పడిపోయింది, దాంతోని సాతవాహనులు పడిపోయిండ్రు అని ఒక వరుస వాక్యం మనకు ప్రతి గైడుల ఉంటది. మేము దాన్ని పూర్తిగ ఒప్పుకోం. రోమ్ అసలు సంక్షోభం మూడో శతాబ్దం నడుమ. అప్పటికే సాతవాహన ప్రధాన వంశం పోయింది. బయటి వర్తకం నీరసపడ్డది నిజమే కావచ్చు, కానీ గుండె ఆగింది ఇంట్లనే. మొదట్ల నుంచి ఈ రాజ్యం మహారఠులు, మహాభోజులు, మహాసేనాపతులు, మహాతలవరులతోని పొత్తుల మీద నిలబడ్డది. నాగనిక పెండ్లి యాదికి తెచ్చుకోండ్రి. రాజు దగ్గర సుంకం సొమ్ము ఉన్నన్ని రోజులు వాళ్లు రాజు మనుషులు. సొమ్ము తగ్గినంక ఎవరి ఊరిల వాళ్లు రాజులు. చిత్రదుర్గం దిక్కు మహారఠులు తమ పేరు మీద సీసం నాణేలు కొట్టుకున్నరు. కర్నూలు దిక్కు వీరాపురంల కూడ మహారఠుల నాణేలు దొరికినయి. నాణెం కొట్టే హక్కు కిందికి జారిపోయినంక పైన మిగిలేది బిరుదులే.

చివరి రోజులు ఎట్లుండెనో 1939ల విదర్భల తర్హాలాల దొరికిన కుప్ప చెప్తది. దాదాపు పదహారు వందల పోటిన్ నాణేలు. వాటిల్ల కుంభ శాతకర్ణి, కర్ణ శాతకర్ణి అసొంటి పేర్లు ఉన్నయి. పురాణాలకు ఆ పేర్లు తెల్వవు. ఒక్కో మూల ఒక్కో శాతకర్ణి అన్నమాట. నాసిక్ ఆభీరులకు, బనవాసి చుటులకు, విజయపురి ఇక్ష్వాకులకు పోయింది. విజయపురి ఏలిన చాంతమూలుడు కూడ మొదట ఒకరి కింద పని చేసిన కుటుంబం నుంచి వచ్చినోడే.

ఇక్ష్వాకుల తోవ కూడ మన మీది నుంచే పోయింది. సూర్యాపేట జిల్లా ఫణిగిరి గుట్ట మీద 2024ల తవ్వుతుంటే ఒక మట్టికుండల 3,730 సీసం నాణేలు దొరికినయి. ఒక దిక్కు ఏనుగు, ఇంకో దిక్కు ఉజ్జయిని గుర్తు. ఆ గుర్తు సాతవాహనుల నుంచి వచ్చిన అలవాటే. రాజులు మారినా చిల్లర మారలేదు.

ఇక్కడ మా బాధ ఒకటి చెప్పుకోవాలె. విజయపురి నాగార్జునసాగర్ కింద మునిగింది. కొన్ని కట్టడాలను గుట్ట మీదికి ఎత్తిండ్రు, మిగిలింది నీళ్లల్ల ఉన్నది. వీరాపురం శ్రీశైలం ముంపుల పోయింది. కోటిలింగాల దిబ్బ అంచులకు ఎల్లంపల్లి వెనుక నీళ్లు వచ్చినయి. నీళ్లు వద్దని ఎవరూ అనరు, నీళ్ల కోసమే గదా మనం ఇన్నేండ్లు కొట్లాడింది. అయితే మునిగే ముందు పూర్తిగ తవ్వి, రాసి, దొరికింది ఆ జిల్లాలనే పెట్టే పని ప్రాజెక్టు అంచనాలల్ల ఒక పద్దు కింద ఉండాలె. పెద్దబంకూర్, ధూళికట్ట దిబ్బలకు కంచె ఉండాలె, కాపలా ఉండాలె, తవ్వకం నివేదికలు తెలుగుల రావాలె. సొంత రాష్ట్రం 2014ల వచ్చింది. ఇది అడిగే జాగ ఇప్పుడు మన దగ్గర్లనే ఉన్నది. మండల ఆఫీసుల పని చేసే ఉద్యోగ మిత్రులు ఇక్కడ ఉన్నరు. దిబ్బ సర్వే నంబరు ఏందో, ఎవరి పేరు మీద ఉన్నదో మీ రిజిస్టర్లల్లనే ఉంటది, ఒకసారి చూడండ్రి. యూనివర్సిటీ విద్యార్థులు వాన పడ్డ తెల్లారి దిబ్బల మీద నడవండ్రి, దొరికింది జేబుల వేసుకోకుండ ఎక్కడ దొరికిందో రాసి అప్పజెప్పండ్రి. జాగ తెల్వని నాణెం సగం మూగది.

ఒక్క శాసనం సంగతి చెప్పి ఆపుతం. అది కూడ నాసిక్‌ల ఉన్నదే. సాతవాహనులు పోయినంక ఆభీర రాజు ఈశ్వరసేనుడి తొమ్మిదో ఏట రాసింది. విష్ణుదత్త అనే శక స్త్రీ గోవర్ధనంల శ్రేణుల దగ్గర డిపాజిట్లు పెట్టింది. కుమ్మరోళ్ల శ్రేణి, నీళ్ల యంత్రాలు చేసేటోళ్ల శ్రేణి, గానుగ ఆడేటోళ్ల శ్రేణి. వడ్డీ దేనికంటే, జబ్బు పడ్డ భిక్షువుల మందులకు. క్షహరాతులు వచ్చి పోయిండ్రు, సాతవాహనులు వచ్చి పోయిండ్రు, ఆభీరులు వచ్చిండ్రు. గానుగోళ్ల శ్రేణి అక్కడనే ఉన్నది, డిపాజిట్లు తీసుకుంటనే ఉన్నది.